అది శిల కాదు సార్, బండ



కొన్నేళ్ల కిందట తాండూరు వైపు ఒక బడికి వెళ్లాను. ఏడో తరగతి. "శిలలు ఎన్ని రకాలు?" అని అడిగాను. చివరి వరుసలోంచి ఒక పిల్లవాడు లేచి గుక్క తిప్పుకోకుండా చెప్పాడు: "మూడు రకములు. అవి అగ్నిశిలలు, అవక్షేప శిలలు, రూపాంతర శిలలు." రెండు మార్కుల జవాబు. అక్షరం తప్పు లేదు. సంతోషించి, "మరి నువ్వు కూర్చున్నది ఏ రకం శిల నాయనా?" అన్నాను. వాడు కిందికి చూశాడు. నీలం రంగు తాండూరు బండ. నున్నగా, చల్లగా ఉంది. మళ్లీ నా వైపు చూసి, పాపం ఈ సారుకు ఇంత మాత్రం తెలియదా అన్నట్టు, "ఇది శిల కాదు సార్, బండ" అన్నాడు.

తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ ఆ మాట నన్ను వదల్లేదు. నలభై ఏళ్లు భూగర్భశాస్త్రం పాఠం చెప్పినవాణ్ని. శిల పుస్తకంలో ఉంటుంది, బండ కాళ్ల కింద ఉంటుంది, రెండూ ఒకటే అని ఆ పిల్లవాడికి ఎవరూ చెప్పలేదు. చెప్పనివాళ్లలో నేనూ ఉన్నాను. ఇవాళ మీ ముందు ఆ బాకీ తీర్చుకుందామని వచ్చాను.

నేను చెప్పేది ఒక్కటే. రాయి చేతికి దొరికితే "ఇది ఏ రకం?" అని మొదలుపెట్టకండి. "దీనికి ఏమైంది?" అని అడగండి. ఇంటికొచ్చిన చుట్టం మొహం వాడి ఉంటే ముందు అదే కదా అడుగుతాం. కాలిందా, కరిగిందా? నీళ్లలో నానిందా? నలిగిందా? ఆ ప్రశ్నకు వచ్చే జవాబే రకం. మూడు రకాలంటే రాళ్లకు జరగగల మూడు సంగతులు. ఆ మూడూ చూడటానికి పెద్ద పెద్ద పర్వతాల దాకా పోనక్కర్లేదు. మన వైపు పాత ఇల్లు ఒకటి చాలు.

గోడ నల్లరాయిది. కింద పరిచింది తాండూరు నాపరాయి. పెరట్లో రోలు గ్రానైటుది. ఆ ఇంట్లో తాత చదువుకున్న పలక అటక మీద ఇంకా ఉంటే, అది మార్కాపురం రాయి. నాలుగు రాళ్లు, మూడు రకాలు. ఒక్కొక్కదాన్నీ అడుగుదాం.

ముందు రోలును అడుగుదాం. దగ్గరగా చూస్తే ఒళ్లంతా చుక్కలు. కొన్ని గాజుముక్కల్లా మెరుస్తాయి, అది పలుగురాయి. కొన్ని తెల్లగానో లేత గులాబీగానో ఉంటాయి, అది ఫెల్డ్‌స్పార్. మధ్య మధ్య నల్లటి తళుకులు, అది అభ్రకం. ఈ పలుకులు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని ఉంటాయి. గోరుతో లాగితే ఊడి రావు. ఇసుక రేణువుల్లా పక్కపక్కన పేర్చినట్టు ఉండవు, కలిసి పెరిగినట్టు ఉంటాయి. నిజానికి కలిసే పెరిగాయి.

అది ఎలాగో పిల్లలకు చెప్పడానికి నేను పటికబెల్లం తీసుకెళ్తాను. చక్కెర పాకాన్ని కదపకుండా, రోజుల తరబడి నిదానంగా వదిలేస్తే పెద్ద పెద్ద పలుకులు కడుతుంది. అదే పాకాన్ని వేడివేడిగా తడి పళ్లెంలో పోస్తే నిమిషాల్లో గట్టిపడుతుంది, పలుకులు కంటికి ఆనవు. రెండూ చక్కెరే. తేడా అంతా చల్లారిన తీరులో ఉంది. భూమి లోపల, కిలోమీటర్ల లోతున, శిలాద్రవం లక్షల ఏళ్లు తీరిగ్గా చల్లారితే గ్రానైట్ అవుతుంది. పైన కప్పిన నేలంతా కోట్ల ఏళ్లలో అరిగిపోయాక బయటపడుతుంది. గోల్కొండ కోట ఎక్కిన గుట్ట అదే. హైదరాబాదు చుట్టూ ఒకదాని మీద ఒకటి నిలబెట్టినట్టుండే గుండ్లు అవే. వాటి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. మన రోలు అంత పెద్దమనిషి.

ఇప్పుడు గోడలో నల్లరాయి. దీన్ని పగలగొట్టి చూడండి. చుక్కలు లేవు. నల్లగా, నున్నగా, బరువుగా ఉంటుంది. కొన్నింట్లో బుడగల గుంతలుంటాయి, ఆ గుంతల్లో తెల్లటి పలుకులు పేరుకుని ఉంటాయి. దీనికి ఏమైంది? ఇదీ కరిగి గట్టిపడిందే. కానీ లోపల చల్లారే తీరిక దొరకలేదు. నేల పగుళ్లలోంచి లావాగా బయటికి పొంగింది. 1,100 డిగ్రీలకు మించిన వేడితో వచ్చి, గాలి తగిలి గబగబా గట్టిపడింది. పలుకులు పెరిగే వ్యవధి లేదు. లోపలి ఆవిరి బయటికి పోబోయి బుడగలుగా చిక్కుకుపోయింది. ఇది బసాల్ట్. గ్రానైటుకు తమ్ముడే. ఒకరిది నిదానం, ఒకరిది తొందర. దాంతోపాటు ఒంట్లో సరుకూ వేరు: గ్రానైటులో సిలికా ఎక్కువ, బసాల్టులో ఇనుము, మెగ్నీషియం ఎక్కువ. నలుపు, బరువు అందుకే.

ఈ బసాల్టు కథ మామూలుది కాదు. ఇప్పటికి సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కను పీఠభూమి మీద లావా ఒకసారి కాదు, పొర మీద పొరగా ఎన్నోసార్లు పారింది. ఇప్పటికీ మిగిలి ఉన్నదే సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్లు. పడమటి కనుమల్లో దాని మందం 2 కిలోమీటర్ల దాకా ఉంది. పొరలు మెట్లుమెట్లుగా కనిపిస్తాయి గనుక స్వీడన్ భాషలో మెట్టుకున్న మాట తీసుకుని వీటిని దక్కన్ ట్రాప్స్ అన్నారు. మన వికారాబాదు వైపు ఆ పరుపుకు తూర్పు అంచు. పెనం మీద దోసె అంచుకొచ్చేసరికి పలచబడ్డట్టు, ఇక్కడ పలచబడింది. అయినా అంతటితో ఆగలేదు. రాజమండ్రి దగ్గర కాటేరు, పంగిడి గుట్టల్లో ఉన్న నల్లరాయి కూడా అప్పటిదే. పడమర నుంచి నదీలోయల వెంట వెయ్యి కిలోమీటర్లు పారి గోదావరి ముఖద్వారం దాకా వచ్చిన లావా అని శాస్త్రజ్ఞులు తేల్చారు. భూమి మీద తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో అదొకటి.

ఆ నల్లరాయి కుళ్లితే మన నల్లరేగడి. రాయి కుళ్లడమేమిటని నవ్వకండి. వానకు, ఎండకు, వేర్లకు రాయి మెత్తబడి విడిపోతుంది. ఉల్లిపొరల్లా పొర పొర ఊడి చివరికి మట్టి అవుతుంది. బసాల్టు నుంచి వచ్చిన బంకమట్టి నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. వేసవిలో చేనంతా నెర్రెలు విచ్చేది, తొలకరికి కాళ్లకు చెప్పుల్లా అతుక్కునేది అందుకే. 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అప్పుడు ఆ కంది గొప్పదనానికి చూపించిన కారణాల్లో ఇక్కడి లోతైన నల్లనేల, అందులోని అటపల్గైట్ అనే బంకమట్టి, కింది సున్నపురాయి నిల్వలూ ఉన్నాయి. అంటే మన పళ్లెంలో పప్పు రుచికి లెక్క చెప్పాలంటే లావా దగ్గర మొదలుపెట్టాలి.

అదే నల్లరాయి ఎత్తయిన చోట మరోలా కుళ్లింది. అనంతగిరి గుట్ట మీద ఎర్రగా, తుట్టెలా చిల్లులు చిల్లులుగా ఉండే రాయి చూసే ఉంటారు. లక్షల ఏళ్ల వానలు రాయిలో కరిగేవన్నీ కడిగేస్తే, కరగని ఇనుము, అల్యూమినియం మిగిలి గట్టిపడ్డాయి. ఇదే లాటరైట్. బుకానన్ అనే స్కాట్లండు దేశస్థుడు మలబారులో ఇలాంటి రాయిని ఇటుకల్లా కోసి ఇళ్లు కట్టడం చూసి, 1807లో దానికి లాటిన్‌లో ఇటుక అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఈ చిల్లుల రాయి వాన నీళ్లు తాగుతుంది. కింద మెత్తబడ్డ బంకపొర వాటిని ఆపుతుంది. ఆపిన చోట ఊట. మూసీ పుట్టుక ఆ గుట్టల్లోనే. మూసీ తూర్పుకు పోయి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఈ కొండల పడమటి వాలు నీళ్లు పట్టుకున్న కాగ్నా, తాండూరు మీదుగా వెళ్లి భీమలో కలుస్తుంది, భీమ కృష్ణలో కలుస్తుంది. ఒక గుట్ట మీద పడ్డ వాన రెండు దారులుగా విడిపోయి మళ్లీ ఒకే నదిలో కలుసుకుంటుంది.

కరిగి గట్టిపడ్డ ఈ అగ్నిశిలల సంగతి ముగించే ముందు ఒక్క హెచ్చరిక. అంగడిలో పాలిష్ పట్టిన ఏ గట్టిరాయినైనా గ్రానైట్ అంటారు. ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి ప్రపంచమంతా వెళ్లే, నల్లటి ఒంటి మీద బంగారు చుక్కలుండే గెలాక్సీ గ్రానైట్ ఉంది కదా. భూగర్భశాస్త్రం లెక్కన అది గ్రానైట్ కాదు, గాబ్రో జాతిది. బసాల్టు సరుకే లోపల నిదానంగా చల్లారితే వచ్చే రాయి. దుకాణదారుడు అబద్ధం చెప్పడం లేదు, అతని లెక్క వేరు. అతనికి కావలసింది గట్టిదనం, మెరుపు. మనకు కావలసింది పుట్టుక.

ఇక కింద పరిచిన బండ. ఆ పిల్లవాడు కూర్చున్న బండ.

తాండూరు గనిలో దిగి చూస్తే మొదట కనబడేది గీతలు. పై మట్టి తీసేశాక కిందంతా పుస్తకాల దొంతరలా పొరలు. రోలు రాయిలో ఈ గీతలు ఉండవు. గ్రానైట్ బండను చీల్చడానికి వడ్డెరలు వరసగా గుంతలు కొట్టి, సీలలు దిగగొట్టి, ఒక్కోచోట మంట పెట్టి వేడికి పొర లేచేలా చేసేవారు. దాన్ని బతిమాలితే చాలదు, బలవంతం చెయ్యాలి. నాపరాయి అలా కాదు. సరైన గీత దగ్గర గడ్డపార మొన ఆనించి కదిపితే అట్ట తెరిచినట్టు లేస్తుంది. ఇప్పుడు కోత మిషన్లు వచ్చాయి గానీ, అడ్డంగా కోసేదే మిషను. పొర విడిపోయేది రాయి తన స్వభావం కొద్దీ.

ఒక గనిలో పెద్దాయన ఒకరు నాకు పాఠం చెప్పారు. లేపిన బండను సుత్తితో రెండుచోట్ల తట్టారు. ఒకచోట ఖంగున మోగింది. ఇంకోచోట మొద్దుగా చప్పుడైంది. "ఇది పలుకుతుంది సార్. గది మూగది, లోపట పగులున్నది" అన్నారు. నేను భూతద్దం పెట్టి వెతికితే గానీ నాకు ఆ పగులు దొరకలేదు.

ఈ బండకు ఏమైంది? ఇది నిప్పు చూడలేదు. ఇది నీళ్లలో పుట్టింది. ఒకప్పుడు ఇక్కడ లోతులేని సముద్రం ఉండేది. ఇప్పుడు దాని నేలను భీమా బేసిన్ అంటున్నాం. కర్ణాటకలో కలబురగి, యాదగిరి వైపు నుంచి మన తాండూరు, బషీరాబాదు దాకా పరుచుకుని ఉంది. మొదట తీరం దగ్గర గులకరాళ్లు, ఇసుక పేరుకున్నాయి. గ్రానైటు అరిగి వచ్చిన సరుకే అది. నీళ్లు లోతయ్యాక సన్నటి బురద పేరుకుంది. ఆ తర్వాత తేటనీళ్లలో కరిగి ఉన్న సున్నం మెత్తటి పిండిలా అడుక్కు చేరింది. మధ్య మధ్య పలచటి బంకమట్టి పొర పడుతూ వచ్చింది. ఆ బంకపొరలే ఇవాళ గడ్డపారకు దారి ఇస్తున్న గీతలు. పైన పడ్డ బరువుకు కింది నీళ్లు పిండుకుపోయాయి, రేణువుల మధ్య సున్నమే జిగురులా పట్టింది, బురద బండ అయింది. దీన్నే అవక్షేపం అంటున్నాం. తేటపడ్డ కుండ అడుగున మిగిలే మడ్డి అన్నమాట. కర్ణాటకలో షాబాదు దగ్గర తీసేదీ ఇదే రాయి గనుక ఊళ్లలో షాబాదు బండ అంటారు. వాడి అనే ఊరి నుంచి తాండూరు మీదుగా సికింద్రాబాదుకు 1874లో నిజాం రైలు మొదలైంది. ఈ రాయి దూరాలకు వెళ్లే దారి అప్పటి నుంచి తెరుచుకుంది.

ఇది సున్నపురాయి అనడానికి రుజువు మన వంటింట్లోనే ఉంది. ఇంటావిడ కింద కూర్చుని నిమ్మకాయ కోస్తుంది. రసం చుక్క బండ మీద పడుతుంది. తుడిచినా అక్కడ పాలిష్ పోయి తెల్లటి మచ్చ మిగులుతుంది. చింతపండు పులుసు ఒలికినా అంతే. పులుపు సున్నాన్ని తింటుంది. అదే పులుసు గ్రానైటు గట్టు మీద పడితే తుడిస్తే పోతుంది. లాబొరేటరీలో మేము ఆమ్లపు చుక్క వేసి, నురగ వస్తే సున్నపురాయి అని రాసుకుంటాం. మన ఆడవాళ్లకు ఆ పరీక్ష ఫలితం మాకన్నా ముందే తెలుసు.

ఇంకో విచిత్రం. సున్నపురాయి అనగానే పుస్తకాలు గవ్వలు, శంఖాల గురించి చెబుతాయి. తాండూరు బండను ఎంత వెతికినా గవ్వ దొరకదు. ఎందుకంటే ఆ సముద్రం నాటికి భూమి మీద గవ్వ కట్టుకునే ప్రాణులు ఇంకా పుట్టలేదు. చేప లేదు, చెట్టు లేదు, గడ్డి లేదు. కంటికి కనిపించని సూక్ష్మజీవులు, కరిగిన సున్నం, అలలు. ఆ ఏకాంతం మన గదుల్లో పరుచుకుని ఉంది.

మరి ప్రాణి ఆనవాలు కావాలంటే? పరిగి వైపు నస్కల్ అనే ఊరుంది. అక్కడ రెండు లావా పొరల మధ్య పలచటి బురదరాయి పొర దొరికింది. ఒక లావా పారి చల్లారాక, ఇంకోటి వచ్చే లోపల ఎంతో కాలం గడిచింది. ఆ విరామంలో వానలు కురిశాయి, కుంటలు నిండాయి, జంతువులు వచ్చాయి. కుంట అడుగున బురద పేరింది. మళ్లీ లావా వచ్చి మూత వేసింది. ఆ మూత కింది బురదలోంచి చుంచెలుక అంతటి జీవి పళ్లు దొరికాయి. రాక్షసబల్లుల కాలంలో బతికిన క్షీరదం. డెక్కనోలెస్టెస్ అని పేరు పెట్టి, 1988లో ప్రసాద్, సాహ్ని అనే మన శాస్త్రజ్ఞులు ప్రపంచానికి చెప్పారు. ఆ క్రెటేషియస్ కాలపు క్షీరదం ఆనవాలు భారతదేశంలో దొరకడం అదే మొదలు. ప్రాణి గుర్తులు దాచుకునేది సాధారణంగా అవక్షేప శిలే. నిప్పులో పుట్టిన రాయికి ఆ భాగ్యం ఉండదు. సింగరేణి బొగ్గు కూడా ఇలాంటిదే. 1871లో ఇల్లెందు దగ్గర విలియం కింగ్ కనుక్కున్న ఆ నల్లపొర, ఒకప్పటి అడవి బురదలో పేరుకుని నలిగినది. ఇంట్లో నాపరాయి, రైలింజనులో బొగ్గు వరసకు అన్నదమ్ములని ఎవరు అనుకుంటారు?

మూడోది పలక. ఇప్పటి పిల్లలకు ప్లాస్టిక్ పలకలు వచ్చాయి గానీ, ఇక్కడ నెరిసిన తలలన్నీ రాతి పలక మీద అఆలు దిద్దినవే. ఆ పలకల్లో ఎన్నో ప్రకాశం వైపు మార్కాపురం నుంచి వచ్చాయి. నల్లగా, పలచగా, నున్నగా. దీనికి ఏమైంది?

మన వైపు ఇళ్లలో పొద్దున్నే జొన్నరొట్టె తడతారు. పిండి కలిపి, చేత్తో అదిమి, పెనం మీద వేస్తారు. పిండి కరిగి రొట్టె కాలేదు. అయినా పెనం మీద నుంచి తీశాక అది పిండి కాదు, మళ్లీ పిండి చేద్దామన్నా కాదు. అదుముడు, వేడి కలిసి దాన్ని ఇంకోటిగా మార్చాయి. రూపాంతర శిల అంటే ఇదే. కరిగితే అగ్నిశిల అయిపోతుంది. కరగకుండానే, గట్టిగా ఉండగానే మారాలి. మార్కాపురం పలక ఒకప్పుడు సముద్రపు బురద. బురదరాయి అయింది. తర్వాత నేల ముడతలు పడే ఒత్తిడిలో చిక్కుకుంది. దానిలోని రేకుల్లాంటి ఖనిజాలన్నీ ఒత్తిడికి అడ్డంగా, ఒకే దిక్కుకు తిరిగి సర్దుకున్నాయి. అందుకే పలక పలచగా చీలుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. నాపరాయీ చీలుతుంది, పలకా చీలుతుంది. తేడా ఏమిటి? నాపరాయి చీలేది పేరుకున్న వరసలో. పలక చీలేది నలిగిన వరసలో. ఒకటి పుట్టుకతో వచ్చిన గీత, ఇంకోటి కష్టంలో పడ్డ గీత. ఈ ఒక్క తేడా పిల్లలకు అందితే చాలు, ఆ పాఠం జీవితాంతం మరిచిపోరు. పలక మీద రాసిన బలపం కూడా రూపాంతర శిలే. గోటితో గీరినా గీత పడేంత మెత్తనిది. అంటే రూపాంతరం అనగానే గట్టిపడటం అనుకోవద్దు. సున్నపురాయికి అదే వేడి, ఒత్తిడి పడితే పాలరాయి. ఇసుకరాయికి పడితే క్వార్ట్జైట్. గ్రానైటుకు పడితే తెల్లవీ నల్లవీ చారలు తేలిన నైస్ రాయి. దక్షిణ భారతానికి పునాది ఈ నైస్, గ్రానైట్‌లే. మన తాండూరు బండల అడుగున కూడా అవే ఉన్నాయి.

ఇప్పుడు మన నేలను వరసగా చూడండి. అడుగున 250 కోట్ల ఏళ్ల గ్రానైట్, నైస్. దాని మీద పాత సముద్రం వదిలిన సుమారు 300 మీటర్ల మందపు పొరలు. వాటి మీద 6.6 కోట్ల ఏళ్ల లావా. లావా నెత్తిన లాటరైట్ టోపీ. అరపూట బస్సు ప్రయాణంలో భూమి చరిత్రలో సగానికి పైగా కాలాన్ని తొక్కుకుంటూ పోతాం.

తొక్కుకుంటూ పోతామే గానీ, మధ్యలో ఖాళీలున్నాయి. సముద్రం పొరలకు, లావాకు మధ్య కోట్లాది ఏళ్ల ఆనవాలు లేదు. ఆ కాలంలో నేల పైకి లేచి, అరిగి, కొట్టుకుపోయింది. చింపేసిన పేజీలు. తిరుమల ఘాట్ రోడ్డులో వెళ్లేటప్పుడు అలాంటి చోటే ఒకటి ఉంది. కింద అతి పురాతనమైన గ్రానైట్ జాతి రాయి, దాని మీద నిలువెత్తు గోడల్లా క్వార్ట్జైట్. రెంటి మధ్య గీతలో కోట్లాది ఏళ్లు మాయమయ్యాయి. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించింది. 1788లో స్కాట్లండు తీరాన సిక్కర్ పాయింటు దగ్గర జేమ్స్ హటన్ అనే శాస్త్రజ్ఞుడు చూసిందీ ఇలాంటి గీతనే. నిలువు పొరల మీద పడుకున్న పొరలు చూసి, భూమి వయసు మనుషుల లెక్కలకు అందదని ఆయన గ్రహించాడు. ఆ రోజుల్లో రాళ్లన్నీ నీళ్లలోనే పుట్టాయని జర్మనీలో వెర్నర్ అనే పండితుడు, ఆయన శిష్యులు వాదిస్తుండేవారు. నిప్పుకూ వాటా ఉందని హటన్ అన్నాడు. వెర్నర్‌నూ, హటన్‌నూ మన పాత ఇంట్లోకి తీసుకొచ్చి గోడనీ, గచ్చునీ చూపిస్తే తగువు తీరిపోయేది.

ఏ రాయీ ఒకే రకంగా ఉండిపోదు. గ్రానైట్ అరిగి ఇసుక అవుతుంది, ఇసుక పేరుకుని ఇసుకరాయి, అది నలిగి క్వార్ట్జైట్, ఇంకా లోతుకు పోయి వేడెక్కితే మళ్లీ కరిగిన ద్రవం. ఈ తిరుగుడుకు కోట్ల ఏళ్లు కావాలి. కానీ మనిషి అందులో ఒక ముక్కను గుప్పిట్లో తిప్పాడు. సున్నపు బట్టీ చూడండి. సున్నపురాయిని కాలిస్తే బొగ్గుపులుసు వాయువు పోయి సున్నం మిగులుతుంది. సున్నాన్ని నీళ్లతో చల్లార్చి, ఇసుకతో నూరి గోడకు పూస్తే, ఆ పూత గాలిలోంచి అదే వాయువును తిరిగి తీసుకుని ఏళ్ల తరబడి మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. 1591లో కట్టిన చార్మినారు మీద సున్నపు నగిషీలు అలా రాయిగా మారినవే. తాండూరు దగ్గర కరన్‌కోటలో సిమెంటు కార్పొరేషన్ కర్మాగారం చేసేదీ దాదాపు ఈ తంతే. సున్నపురాయినీ, మట్టినీ కలిపి 1,450 డిగ్రీల దాకా కాల్చి, కొత్త రాయికి పిండి తయారుచేస్తుంది.

గుప్పిట్లో తిప్పగలిగినవాడికి ఖర్చు లెక్క కూడా తెలియాలి. అంగుళం మందం బండ పేరుకోవడానికి తరాలకు తరాలు పట్టింది. దాన్ని లేపడానికి పూట చాలు. పాలిష్ పట్టేటప్పుడు వచ్చే సుద్ద ఎక్కడ పడేస్తే అక్కడ చేను ఊపిరాడక గట్టిపడుతుంది. అదే సుద్ద, ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న అదే సున్నపు పిండి. మళ్లీ మొదటికే వచ్చింది. కాకపోతే ఈసారి చేను మీద. గని మానేద్దామని నేను అనను, దాని మీద వేల పొయ్యిలు వెలుగుతున్నాయి. తీసేది తిరిగి రాదన్న ఎరుక ఉన్నవాడు కాస్త తక్కువ పారేస్తాడని మాత్రం అంటాను.

ఉపాధ్యాయ మిత్రులారా, చివరగా ఒక చిన్న పని. సోమవారం బడికి వెళ్లగానే కిటికీ గట్టు మీద అయిదు రాళ్లు పెట్టండి. బాట పక్కన నల్లకంకర ఒకటి, విరిగిన నాపరాయి ముక్క ఒకటి, గ్రానైట్ పెళ్ల ఒకటి, అనంతగిరి నుంచి ఎర్ర చిల్లుల రాయి ఒకటి, ఎవరింటి అటక మీదైనా దొరికితే విరిగిన పలక ఒకటి. పక్కన సగం కోసిన నిమ్మకాయ, ఒక భూతద్దం, చిన్న సుత్తి. పేర్లు రాయకండి. "దీనికి ఏమైంది?" అని ఒక్క చీటీ పెట్టండి. పిల్లలు పలుకులు చూస్తారు, గీతలు లెక్కపెడతారు, రసం పిండుతారు, తట్టి వింటారు. వారం తిరిగేసరికి మూడు రకాలూ వాళ్లే విడదీస్తారు. పేర్లు ఆ తర్వాత చెప్పండి. అప్పుడవి అతుక్కుంటాయి.

ఆ రోజు ఆ పిల్లవాడికి నేను ఏం జవాబు చెప్పానని మీరు అడగలేదు. ఏమీ చెప్పలేదు. వాడి పక్కన, ఆ నీలం బండ మీదే కూర్చున్నాను. ఎండాకాలం. బయట నిప్పులు చెరుగుతోంది, కింద బండ చల్లగా ఉంది. "ఎందుకు చల్లగుందిరా?" అన్నాను. వాడు అరచెయ్యి ఆనించి కాసేపు ఆలోచించి, "నీళ్లల్ల ఉండొచ్చిందా సార్?" అన్నాడు.

చల్లదనానికి అసలు కారణం అది కాదు. రాయి మన ఒంటి వేడిని తొందరగా లాగేసుకుంటుంది, అంతే. కానీ బండ సంగతి వాడు సరిగ్గానే చెప్పాడు.